అసలు నాలుగు, కొసరు మూడు

లలితకు లెక్కలొచ్చు, ముగ్గులొచ్చు, అవసరం పడితే పదిమందికి వంట చెయ్యడమూ వచ్చు. ఎదుటివాళ్లు కాస్త గొంతు పెంచితే వాళ్ల మాట కాదనడం మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ రాలేదు. టెక్కలిలో పౌరోహిత్యం చేసుకునే నాన్నగారి ముందు మొదలైన అలవాటు అది. వాల్తేరు వెళ్లి, ఎమ్మే ప్యాసై, అక్కడే పరిశోధన చేస్తూ ట్యూటరుగా కుదురుకున్నా వదిలిపెట్టలేదు. తను చేసిన లెక్క తప్పని ఎవరైనా గట్టిగా అంటే చాలు, "అవునండీ, మళ్లీ చూస్తాను" అనేస్తుంది. గదికి పోయి చూసుకుంటే లెక్క రైటే. అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? మొహమాటానికి పోయినవాళ్ల గతేమిటో చెప్పే సామెత ఒకటుంది. అది తెలుగువాళ్లందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు.

యాభై ఏడో సంవత్సరం కార్తీకమాసంలో, పలాస వెళ్లే ప్యాసింజరు బండిలో, ఆ మొహమాటమే మళ్లీ ఆమె కొంప ముంచింది. ఎమ్మే విద్యార్థులు అయిదుగురు, వాళ్ల ప్రొఫెసరు ఉమామహేశ్వరరావుగారు, లలిత, అంతా కలిసి సముద్రం ఒడ్డున ఉద్దానం తోటల్లో వనభోజనాలకు బయల్దేరారు. పలాసలో గుమాస్తాగా ఉన్న లలిత మేనమావ జగన్మోహనరావు, తెలిసినవాళ్ల తోటలో అన్ని ఏర్పాట్లూ చేస్తానని ఉత్తరం రాసి మరీ పిలిచాడు. కుర్రాళ్లు కిటికీల దగ్గర చేరి పాటలు అందుకున్నారు. కోటబొమ్మాళి దాటాక ప్రొఫెసరుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నువ్వు చూపించిన ఆ వ్యాసం విషయం బావుంది లలితా. జులై నుంచి ఎమ్మే వాళ్లకు పెడదాం" అన్నారు.

రెండేళ్లుగా లలిత ఎదురుచూస్తున్న మాట అది. అమెరికాలో టెలిఫోను కంపెనీలో పనిచేసే ఒకాయన రాసిన వ్యాసం, ఓడలెక్కి దిగి, నెలల తర్వాత లైబ్రరీకి చేరితే, దాన్ని మొదట చదివింది లలితే. పంపించిన సమాచారం దారిలో చెడిపోతే, అందుకున్నవాళ్లు పంపినవాళ్లను మళ్లీ అడక్కుండానే, చెడింది ఎక్కడో కనిపెట్టి తమంతట తాము దిద్దుకోవచ్చట. చదివిన రోజు ఆమెకు అన్నం సహించలేదు. ఇంత తేలికైన ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అని పొద్దుపోయేదాకా మేడ మీద తిరిగింది.

"క్లాసు మాత్రం సుందరరామయ్యగారు తీసుకుంటారు. నువ్వు నోట్సు తయారుచేసి ఆయనకివ్వు" అన్నారు ప్రొఫెసరుగారు, అదే గొంతుతో.

సుందరరామయ్యగారు పెద్దాయన, మంచాయన. కానీ ఆ వ్యాసాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఇది లెక్కలు కాదమ్మా, టెలిఫోను రిపేరు" అన్నది ఆయనే.

"నీకు తెలియదని కాదు" ప్రొఫెసరుగారు కాస్త మెత్తబడ్డారు. "వీళ్లు ఒట్టి పెంకి వెధవలు. ఒకడు లేచి, అది తప్పండీ అని దబాయిస్తే నువ్వు సర్దుకుపోతావు. పాఠం చెప్పేవాళ్లు సర్దుకుపోతే క్లాసు మునిగిపోతుంది. కాదంటావా?"

"అవునండీ" అంది లలిత.

అని, కిటికీలోంచి బయటికి చూస్తూ తనను తాను తిట్టుకుంది. అదిగో, మళ్లీ! కాదంటావా అని ఆయనే అడిగితే కూడా కాదనలేకపోయింది. ఇలాంటి దద్దమ్మకు క్లాసు ఎవరిస్తారు? బండి పలాస చేరింది. సామాన్లు దింపే హడావుడిలో, ప్రొఫెసరుగారు గొడుగు కోసం బెంచీ కింద వెతుక్కుంటూ ఉంటే, మొహం కనపడకపోవడం వల్ల ధైర్యం వచ్చిందో ఏమో, గబగబా అనేసింది.

"సార్, రేపు తోటలో ఒక గంట నాకివ్వండి. వీళ్లకు పాఠం చెప్తాను."

"తోటలో బోర్డుండదుగా?"

"అక్కర్లేదండీ."

ప్రొఫెసరుగారు గొడుగుతో సహా పైకి లేచి కళ్లజోడు పైనుంచి చూశారు. "సరే, చెప్పు. చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, బస్సు దిగాక ఎడ్లబళ్లెక్కి, ఎండ ముదరకముందే తోట చేరారు. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, వాటి మధ్య పందిళ్లలా పరుచుకున్న జీడిమామిళ్లు, వాటికవతల ఇసక, ఇసక చివర సముద్రం. తోట మధ్య నిండుగా కాసిన ఉసిరిచెట్టు. వనభోజనాలకు ఇంకేం కావాలి? లలిత అత్తయ్య గాడిపొయ్యి తవ్వించి కంద బచ్చలి కూరకు కత్తిపీట ముందేసుకుంది. జగన్మోహనరావు పంచె ఎగ్గట్టి, ఒక్క పనీ చెయ్యకుండా అందరికీ పనులు చెప్పడం మొదలెట్టాడు.

నీళ్లు తోడిపెట్టే పని అసిరమ్మది. తోట పక్కనే పల్లెలో ఉంటుంది, తోటకు కాపలా కూడా ఆమే. ఆమె మొగుడు సింహాద్రి తెల్లారకముందే పడవేసుకుని వేటకు పోయాడు. పొద్దు వాలే వేళకు తిరిగొస్తాడు. బావి తోటకు ఆ చివర జీడిమామిళ్ల వెనకాల ఉండడంతో బిందె బిందెకూ అటూ ఇటూ తిరుగుతూ, మధ్యలో ఒకసారి ఆగి సముద్రం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకుని, మళ్లీ బావికి పోతూ ఉంది.

కూర పొయ్యెక్కాక లలిత విద్యార్థులను చాపల మీద కూర్చోబెట్టింది. ప్రొఫెసరుగారు దూరంగా, అసిరమ్మ వేసిన నులకమంచం మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లలిత మొదలుపెట్టింది.

"కృష్ణా, నువ్వు ఈ ఒడ్డున నుంచుని, ఆ పడవలో ఉన్నవాళ్లకు ఒక కబురు అరిచి చెప్పాలి. గాలికి ఒక మాట చెదిరిపోతుంది. ఏం చేస్తావు?"

కృష్ణ అందరిలోకీ నెమ్మదైనవాడు. "మళ్లీ అరుస్తానండీ" అన్నాడు.

"చెదిరిందని నీకెలా తెలుస్తుంది? వాళ్లు అడిగినా నీకు వినపడదు."

"అయితే ముందే రెండుసార్లు అరుస్తాను."

"రెండు చాల్దురా" అని అందుకున్నాడు జోగారావు. కోటబొమ్మాళి కుర్రాడు, క్లాసులో ప్రతి మాటకీ అడ్డం తగలకపోతే తోచదు. "రెండూ రెండు రకాలుగా వినబడితే ఏది నమ్మాల? మూడుసార్లు అరవాల. అప్పుడు రెండు ఒక పక్కుంటాయి, అదే రైటు."

"శభాష్. అంటే నాలుగు మాటల కబురుకి పన్నెండు అరుపులు. ఊరికి తిరిగెళ్లేసరికి కృష్ణకు గొంతుండదు" అంది లలిత. కుర్రాళ్లు నవ్వారు. ఆమె కొంగు దోపుకుంది. "పన్నెండు అక్కర్లేదు, ఏడు చాలు. ఏడింట్లో ఏ ఒక్కటి చెడినా, చెడింది ఏదో వాళ్లే పట్టుకుంటారు."

"అదెలాగ కుదురుద్దండీ? కుదర్దు" అన్నాడు జోగారావు.

మామూలుగా అయితే లలిత నోటినుంచి అవునండీ వచ్చేసేదే. ఇవాళ జవాబు చెప్పకుండా లేచి, అత్తయ్య దగ్గర బియ్యప్పిండి డబ్బా తెచ్చి, ఊడ్చిన నేల మీద మూడు పెద్ద సున్నాలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా, చెయ్యి ఎత్తకుండా వేసింది. "లెక్కల క్లాసా, ముగ్గుల పోటీయా?" అని జగన్మోహనరావు పొయ్యి దగ్గర్నుంచి అరిచాడు. ఉసిరిచెట్టు కింద దీపాలు పెట్టడానికి తెచ్చిన మట్టిప్రమిదల్లోంచి ఏడు తీసి, ఒక్కో గదిలో ఒక్కటి పెట్టింది.

మూడు సున్నాలూ కలిసే నడిమి గదిలో ఒకటి. రెండేసి కలిసే గదులు మూడు, వాటిలో మూడు. ఆ నాలుగూ కబురు. ప్రమిద వెల్లకిలా ఉంటే ఒక మాట, బోర్లా ఉంటే ఇంకో మాట. మిగిలిన మూడూ, వేరే సున్నాతో కలవకుండా ఒక్క సున్నాలోనే ఉన్న గదుల్లో పెట్టింది.

"ఆ మూడూ కొసరు" అంది లలిత. "సంతలో వంకాయలు కొంటే ఇంకో కాయ పైన వేస్తారు చూడు, ఆ కొసరు కడుపులోకి పోతుంది. ఈ కొసరు కాపలా కాస్తుంది. ఒక్కో సున్నాలో నాలుగేసి ప్రమిదలున్నాయి కదా, వాటిలో బోర్లా ఉన్నవి ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండాలి. ఉండేలా కొసరును వెల్లకిలానో బోర్లానో పెట్టాలి. అంతే నియమం. నేను బావి దగ్గరికి పోతాను. నాలుగూ మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి. కొసరూ మీరే పెట్టండి. తర్వాత ఏదో ఒకటి తిప్పి నన్ను పిలవండి."

పిలిచాక ఆమె వచ్చి చూసింది. రెండు సున్నాల్లో లెక్క బేసి, మూడోదాంట్లో సరి. ఆ రెంటికీ చెంది మూడోదానికి చెందని ప్రమిద ఒక్కటే ఉంది. దాన్ని తిప్పింది. కృష్ణ చప్పట్లు కొట్టాడు.

"కొసరే చెడితేనో?" అన్నాడు జోగారావు వెంటనే. అడగాల్సిన ప్రశ్నే. లలితకు వాడి మీద ఆ క్షణంలో చాలా ఇష్టం కలిగింది. "అదే చెయ్యి" అని మళ్లీ వెళ్లింది. వచ్చేసరికి ఒక్క సున్నాలోనే బేసి, మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క సున్నా లెక్కనే చెడగొట్టగలిగింది ఆ సున్నాలోని ఒంటరి ప్రమిదే. దాన్నీ తిప్పింది. ఇక కుర్రాళ్లు ఊరుకుంటారా? చాపల మీంచి లేచి ముగ్గు చుట్టూ చేరి, నడిమిది తిప్పితే మూడూ చెడతాయిరా అని ఒకడు, అయితే ఏ రెండు తప్పులూ ఒకేలా కనపడవన్నమాట అని ఇంకొకడు, ఆమె చెప్పకముందే వాళ్లే చెప్పేసుకుంటున్నారు. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకంటే పండగ ఉండదు. లలితకు ఆకలి కూడా తెలియలేదు.

అప్పుడు నులకమంచం కిర్రుమంది. ప్రొఫెసరుగారు లేచి వచ్చారు.

"ఈసారి నేను పెడతాను. అమ్మాయ్, నువ్వు బావికి పద. వీళ్లు దగ్గినా తుమ్మినా నీకు సైగ అందుతుంది, అంచేత నేను తిప్పేటప్పుడు వీళ్లనీ సముద్రం వైపు తిప్పేస్తాను. నేనే వచ్చి నిన్ను పిలుస్తాను" అన్నారు.

లలిత జీడిమామిళ్ల వెనక బావి గట్టు మీద కూర్చుంది. రైల్లో చూద్దాం అన్నది ఇదే కాబోలు అనుకుంది. ఖాళీ బిందెతో వచ్చిన అసిరమ్మ నీళ్లు తోడుకుని, "ఏటమ్మా, దాగుడుమూతలాడతన్నారేటి?" అని నవ్వుతూ వెళ్లింది. ఆ తర్వాత కాస్సేపటికి ప్రొఫెసరుగారు గొడుగు పొడుచుకుంటూ వచ్చి, పద అన్నారు.

కుర్రాళ్లు ఇంకా సముద్రం వైపే తిరిగి కూర్చున్నారు. ప్రొఫెసరుగారు ముగ్గు దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగి, తర్వాత, "ఇక తిరగండి" అన్నారు. అందరూ తిరిగారు. జోగారావు ముగ్గు చూసి ఏదో అనబోయాడు. ప్రొఫెసరుగారు కళ్లెర్రజేశారు. వాడు నోరు మూసుకున్నాడు.

"చెప్పు. ఏది తిప్పాను?"

ఏడు ప్రమిదలూ వెల్లకిలా ఉన్నాయి. మొదటి సున్నాలో బోర్లా ఉన్నది ఒక్కటీ లేదు. రెండోదాంట్లో లేదు. మూడోదాంట్లోనూ లేదు. లలిత మళ్లీ చూసింది. చూడ్డానికేముంది, చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

"ఇక్కడ తప్పేం లేదండీ" అంది.

"నేను తిప్పాను."

"సార్..."

"ఈ చేత్తో తిప్పాను, అమ్మాయ్. అబద్ధం ఆడాల్సిన అవసరం నాకేముంది? ఏది తిప్పానో చెప్పు."

అవునండీ గొంతు దాకా వచ్చేసింది. అనేస్తే ఎంత హాయి! నడిమిదాని మీద చెయ్యి పెట్టి, ఇదేనేమో సార్ అంటే సరి, ఆయన నవ్వి ఊరుకుంటారు, అత్తయ్య విస్తళ్లు వేస్తుంది. తర్వాత జులై వస్తుంది, సుందరరామయ్యగారు తన నోట్సు రెండు వేళ్లతో పట్టుకుని క్లాసులోకి వెళతారు. అది లలితకు కళ్లకు కట్టింది. అసలు ఏం తప్పు చేసిందని ఒప్పుకోవాలి? మూడు సున్నాలు, మూడు లెక్కలు, మూడూ సరి. ఇందులో ఆడపిల్లా లేదు, ప్రొఫెసరూ లేడు.

"లేదండీ" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తప్పు లేదు."

"అంటే పట్టిన కుందేటికి మూడే కాళ్లంటావు?"

"కుందేటికి నాలుగు కాళ్లేనండీ. లెక్కపెట్టే చెప్తున్నాను."

పొయ్యి దగ్గర పనులు చెబుతున్న జగన్మోహనరావు ఇటు తిరిగాడు. మేనకోడలు ఒకరికి ఎదురు చెప్పడం ఆయన జన్మలో వినలేదు.

"మీరు తిప్పలేదని నేననను సార్" లలిత ముగ్గు పక్కన కూర్చుని ఒక్కో సున్నానూ వేలితో చూపించింది. "మీరు తిప్పింది ఇప్పుడిక్కడ లేదంటున్నాను. ఏ ఒక్కటి తిప్పినా ఏదో ఒక సున్నాలో లెక్క బేసి అయి తీరాలి. రెండు తిప్పినా అంతే, లెక్క ఎక్కడో అక్కడ చెడుతుంది. మూడింట్లోనూ సరిగ్గా ఉండాలంటే రెండే దార్లు. ఏదీ మారకుండానైనా ఉండాలి, తక్కువలో తక్కువ మూడు మారైనా ఉండాలి. మీరు ఒకటే తిప్పానంటున్నారు. మీ మాట నిజం, నా లెక్కా నిజం. అంటే మీ తర్వాత ఇంకెవరో చెయ్యి పెట్టారు."

"మేం కాదండీ, ఒట్టు! తల కూడా తిప్పలేదు" అన్నాడు కృష్ణ.

"నా తర్వాత ఇక్కడ చెయ్యి పెట్టేదెవరు?" అన్నారు ప్రొఫెసరుగారు.

"అది నా లెక్క చెప్పదు సార్. చెయ్యి పడిందని మాత్రం చెప్తుంది."

సరిగ్గా అప్పుడు అసిరమ్మ ఇంకో బిందెతో వచ్చింది. అందరూ ముగ్గు చుట్టూ బిగుసుకుపోయి ఉండడం చూసి బిందె దింపింది.

"ఏటయ్యింది బాబూ? ఆ పెమిద గురించేటి?" అంది. "బోర్లా పడిపోనాది, నానే తిప్పీసినాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. అసిరమ్మకు కాస్త కోపం వచ్చింది.

"ఇందాక మీరంతా సుట్టూ మూగీసి ఉంటే కనబడనేదు గానీ, ఇప్పుడు నీల్లట్టుకెల్తా సూసినాను. ఆరు పెమిదలు సక్కగున్నాయి, నడిమిది బోర్లా ఉన్నాది. మా ఓడు ఏటకెల్లినాడు బాబూ. ఆడు తిరిగొచ్చీదాకా మా ఇంట్ల కుండ బోర్లించం, గిన్ని బోర్లించం. పడవ బోర్లా పడినట్టుంటాది. కంటబడ్డాక తిప్పకుండా ఎలాగెల్తాను? తప్పయితే తప్పే. మల్లీ కనబడితే మల్లీ తిప్పుతాను."

ముందు నవ్వింది కృష్ణ. తర్వాత అందరూ. జోగారావైతే చాప మీద దొర్లాడు. "ఏడూ వెల్లకిలాయే పెట్టారండీ సార్! నేనిందాకే అందామనుకున్నా, మీరు కళ్లెర్రజేశారు!" అని నవ్వుల మధ్య అరిచాడు. లలితకు నవ్వు రాలేదు. ఏదో తట్టి, ప్రొఫెసరుగారి మొహంలోకి సూటిగా చూసింది.

"మీరు రాగానే చూశారు" అంది.

"ఏమిటి?"

"బోర్లించిన ప్రమిద వెల్లకిలా ఉందని మీరు రాగానే చూశారు. అందుకే ఒక్క క్షణం ఆగారు. ఎవరో తిప్పేశారని మీకు తెలుసు."

ప్రొఫెసరుగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "తెలుసు" అన్నారు. "నువ్వేమంటావో వినాలనిపించింది."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! లలితకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపూ గుండె చిక్కబట్టుకుని నిలబడితే, ఈయన వేడుక చూశారన్నమాట.

"అది న్యాయం కాదు సార్" అంది.

"కాదు" అని ఒప్పుకున్నారాయన. ఆయన ఎవరితోనైనా అలా ఒప్పుకోవడం విద్యార్థులు చూడ్డం అదే మొదటిసారి.

ఈలోగా ఎవడో ఇంకో ఆట మొదలెట్టే ఉత్సాహంలో ఒక ప్రమిద చేతిలోకి తీసుకుని బోర్లించబోయాడు. అసిరమ్మ "వొద్దు బాబూ" అంది. ఇందాకటి కోపం లేదు ఆ గొంతులో, భయమే ఉంది. సముద్రం వైపు ఒకసారి చూసుకుంది కూడా. లలిత కుర్రాడి చేతిలోంచి ప్రమిద అందుకుని వెల్లకిలా పెట్టేసింది.

"ఇక బోర్లించొద్దు" అంది.

"మరి పాఠమో?" అన్నాడు జోగారావు.

"ఉసిరికాయలు తీసుకురా. బోర్లా అనుకున్న చోటల్లా ప్రమిదలో ఉసిరికాయ వేద్దాం. ఉన్నదో లేదో, అంతే కదా కావలసింది? లెక్కకు ఏదైనా ఒకటే. అసిరమ్మకు ఒకటి కాదు."

అసిరమ్మ మొహం విప్పారింది. "ఏసుకోండి, ఉసిరికాయలు ఎన్నైనా ఏసుకోండి, సెట్టు దులిపీమంటే దులిపేత్తాను" అంటూ తనే ముందు పరుగెత్తింది. కుర్రాళ్లు ఆమె వెనకాల పడ్డారు. చెట్టు కింద రాలినవి ఏరుకునేవాళ్లు, కొమ్మ వంచేవాళ్లు, కొరికి చూసి మొహం చిట్లించేవాళ్లు, కాస్సేపు గోలగోల. అత్తయ్య అప్పుడే వండిన పులిహోర పళ్లెంలో ఆరబోస్తూ, "మీ పాఠం అయితే విస్తళ్లు వేస్తానే" అని కేకేసింది.

"ఇంకా అవలేదత్తయ్యా" అంది లలిత. ఇవాళ లేదు, కాదు అన్న మాటలు నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తున్నాయో చూసుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. ఇప్పటిదాకా రాని నవ్వు అప్పుడొచ్చింది.

ప్రొఫెసరుగారు ఆమె పక్కకు వచ్చి, పిల్లలు వినకుండా మెల్లిగా అన్నారు. "సుందరరామయ్యగారితో నేను మాట్లాడతాను. ఆయనకూ హాయి. రాత్రంతా కూర్చుని నీ నోట్సు చదువుకోవాలని బెంగ పెట్టుకున్నారు."

అవునండీ అందామంటే ఆయన అడిగిందేమీ లేదు. లలిత ఊరికే తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగితే పొయ్యి పొగ అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

కుర్రాళ్లు ఒడినిండా ఉసిరికాయలతో వచ్చి చాపల మీద కూర్చున్నారు. ప్రొఫెసరుగారు మళ్లీ నులకమంచం వైపు పోతారనుకుంది లలిత. ఆయన పోలేదు. గొడుగు కొబ్బరిచెట్టుకు చేరవేసి, చెప్పులు విడిచి, జోగారావును కాస్త జరగమని, వాడి పక్కన చాప మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నారు. వాడు బెదిరిపోయి సగం చాప వదిలేశాడు. ప్రొఫెసరుగారు చెయ్యెత్తారు.

"నాకో సందేహం మేడం" అన్నారు. "ఒకటి చెడితే పట్టుకుంటామన్నారు, బావుంది. రెండు చెడితే?"

"అప్పుడు ఈ పద్ధతి మనల్ని మోసం చేస్తుంది సార్. బావున్నదాన్ని చూపించి ఇదే చెడిందంటుంది" అంది లలిత. "ఎలాగో చూడండి."

ఉసిరికాయ చేతిలోకి తీసుకుని, ముగ్గు దగ్గర కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టింది.